మంచు చేపలు, మా ఇంటి రక్తం వంతు

ధ్రువ సముద్రపు చేపల మీద పరిశోధన చేశానంటే, అయితే అక్కడికి వెళ్ళొచ్చావా అని అడుగుతారు. వెళ్ళలేదు. ఆ సముద్రాన్నీ చూడలేదు, ఆ చేప ఈదుతుంటేనూ చూడలేదు. నాకు దక్కింది చిటికెనవేలి గోరంత రెక్క ముక్క. దక్షిణ ధ్రువం వైపు ఓడలో వెళ్ళినవాళ్ళెవరో చేపను పట్టి, రెక్క చివర కత్తిరించి, స్పిరిట్ పోసిన చిన్న గొట్టంలో వేసి మూత బిగిస్తే, అది దేశాలన్నీ తిరిగి విశాఖలో మా ప్రయోగశాలకు చేరేది. తొంభైల చివర్లో నేనక్కడ చేరాను. చీరాలలో పరుపులు కుట్టే ఇంటి పిల్లను. దూది తప్ప తెల్లటి గుట్ట దేన్నీ ఎరగని నాకు మంచు ఖండం పని అప్పగించి మా ప్రొఫెసరు గారు లోపల నవ్వుకున్నారేమో తెలియదు. నేను మాత్రం పంతం పట్టి చేశాను.

ఆ పనిని ఒక్క మాటలో చెప్పాలంటే, చుట్టరికం తేల్చడం. మంచు ఖండానికి ఈ పక్కన పట్టిన చేపలూ ఆ పక్కన పట్టిన చేపలూ ఒకే జనమా, లేక దేని గుంపు దానిదేనా? రెక్క ముక్కను కరిగించి, అందులోంచి డీఎన్ఏ తీసి, జిగురు పలక మీద కరెంటు పెట్టి నడిపిస్తే, ఊదారంగు దీపం కింద గీతలు కనబడేవి. డీఎన్ఏలో ఒక్కో చోట తల్లి ఇచ్చింది ఒకటి, తండ్రి ఇచ్చింది ఒకటి. రెండూ వేరైతే జంట గీతలు. రెండూ ఒకటే అయితే ఒంటి గీత. ఒంటి గీతలు ఎక్కువగా ఉన్న గుంపు తమలో తామే కలుస్తోందని అర్థం. కళ్ళు మండేదాకా ఆ గీతలు చూడడమే నా ఉద్యోగం.

ఆ ఖండం చుట్టూ ఒక పెద్ద ప్రవాహం ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. చేపపిల్లలు అందులో పడి ఎక్కడెక్కడికో కొట్టుకుపోతాయి. అందుకే వేల మైళ్ళ దూరంలో పట్టిన చేపలు కూడా ఒకే జనంలా కలిసిపోయి కనిపించేవి. ఒక్క అఖాతం నుంచి వచ్చిన గొట్టాలు మాత్రం వేరు. నీళ్ళు బయటికి పోని ఆ మూల నుంచి వచ్చిన చేపల్లో ఎటు చూసినా ఒంటి గీతలే. దాని పేరు నా నోరు తిరగక, గొట్టాల పెట్టె మీద చీరాలలో మా వీధి పేరు రాసుకున్నాను. తోటివాళ్ళు నవ్వారు. ఊరికే పెట్టిన పేరు కాదని నాకే ఆ తర్వాత తెలిసింది.

మేం తెలుగు మాట్లాడే ముసల్మానులం. దూది ఏకడం, పరుపులూ దిండ్లూ కుట్టడం మా తాతల నాటి నుంచీ ఉన్న వృత్తి. మావాళ్ళు దూది కోసం గుంటూరు దాకా, పనికోసం మార్టూరు దాకా పోయేవాళ్ళు గానీ, పెళ్ళి సంబంధం కోసం వీధి మలుపు తిరిగింది తక్కువ. మా అమ్మ మా నాన్నకు మేనమామ కూతురు. మా మేనత్త, అంటే నాన్న అక్క, తన కొడుక్కి మా అక్కను చేసుకుంది. పిల్లను బయటికి పంపితే దాని కష్టం ఎవరు చూస్తారని ఆమె వాదన. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. అక్క అత్తారింటికి వెళ్ళడమంటే నాలుగిళ్ళ అవతలికి వెళ్ళడమే.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. పాకే వయసు వచ్చేసరికి సున్నం కొట్టినట్టు పాలిపోయింది. గుంటూరు తీసుకెళితే డాక్టరు పరీక్షలు చేయించి, పిల్లకు ఎర్ర రక్తం సరిగా తయారు కాదనీ, తల్లిలో సగం లోపం, తండ్రిలో సగం లోపం దాగి ఉండి రెండూ పిల్లలో కలిశాయనీ చెప్పాడు. బతికినన్నాళ్ళూ నెలనెలా రక్తం ఎక్కించాలి. వేరే మందు లేదన్నాడు. అక్క ఏడవలేదు. రైలెక్కాక పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, తెనాలిలో రైలు మారేదాకా దాని అరచేతులు తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంది.

అప్పుడు మా మేనత్త నడుం కట్టింది. పరుపుల కొట్టు నడిపిన మనిషి, మగవాళ్ళను నిలబెట్టి పని చేయించగలదు. పిల్లకు పరాయివాళ్ళ రక్తం ఎక్కనివ్వనని తీర్మానించింది. ఎవరిదో, ఎలాంటివాళ్ళదో తెలియని రక్తం మన పిల్ల ఒంట్లోకి ఎందుకు, మనం చచ్చామా అంది. మా వీధిలో పిల్ల గ్రూపు వాళ్ళు కావలసినంతమంది తేలారు. దాన్ని కూడా ఆమె మా వంశం గొప్పగానే చెప్పుకుంది. బావ, మా అన్న, చిన్నాన్న కొడుకులు, వేటపాలెం జీడిపప్పు బట్టీలో పనిచేసే ఇంకో మేనల్లుడు, అందరికీ వంతులు వేసింది. ఆ వంతులన్నీ ఆమె నోట్లోనే ఉండేవి. ఫలానా నెల నీది అంటే ఇక తిరుగులేదు. వంతు ఉన్నవాడు గుంటూరు వెళ్ళి రక్తమిచ్చి బయటికి రాగానే, ఇంటి నుంచి తెచ్చిన కారియరు విప్పి మేక కాలేయం వేపుడు తన చేత్తో తినిపించేది.

ఆ వంతు మా ఇంట్లో ఏం చేసిందో చెప్పకపోతే అన్యాయం అవుతుంది. గోడ తగాదాతో ఏళ్ళ తరబడి మాటల్లేని ఇద్దరు చిన్నాన్నల కొడుకులు ఒకే రైల్లో గుంటూరు వెళ్ళి, ఒకే కారియర్లో తిని వచ్చారు. తాగి పడిపోయేవాడు వంతు దగ్గరపడుతోందని మానేసేవాడు. పెళ్ళిళ్ళలో మావాళ్ళు గర్వంగా చెప్పుకునేవాళ్ళు, మా పిల్ల ఒంట్లో పరాయి చుక్క లేదని. నేనూ గర్వపడ్డాను. నా వంతు కూడా వేయమని అత్తను అడిగి మరీ వేయించుకున్నాను.

పిల్లకు మాటలు వచ్చాక నా దగ్గరికి చేరి చేపల కబుర్లు అడిగేది. ఒకసారి మంచు చేప గురించి చెప్పాను. దాని రక్తం ఎర్రగా ఉండదు, నీళ్ళలా తేటగా ఉంటుంది. అయినా బతుకుతుంది. ఎలా అని అడిగింది. ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయంటే, వాటిలో గాలి ఎక్కువగా కరిగి ఉంటుంది, దాని గుండె పెద్దది, అందుకని ఎర్ర రక్తం లేకపోయినా సరిపోతుంది అని చెప్పాను.  "అయితే పిన్నీ, నన్ను అక్కడ పెడితే సూది అక్కర్లేదుగా" అంది. అక్క వంటింట్లో ఉంది, విన్నదో లేదో తెలియదు.  అక్కడ అన్నం దొరకదమ్మా అని ఏదో చెప్పి తప్పించుకున్నాను.

విశాఖలో మా ప్రొఫెసరు గారు ఒక రోజు ఆ అఖాతపు చేపల డీఎన్ఏలోనే ఇంకో చోటు చూడమన్నారు. ఏది తన ఒళ్ళు, ఏది పరాయి ఒళ్ళు అని శరీరం గుర్తుపట్టే గుర్తులు రాసి ఉండే చోటు అది. మామూలుగా ఏ జనంలోనైనా అక్కడ ఎన్నో రకాలు ఉంటాయి, అందుకే ఒక రోగం వస్తే అందరూ ఒకేసారి పడిపోరు. అఖాతపు చేపల్లో అక్కడ కూడా ఒంటి గీతలు ఎక్కువే. ఆ పాఠం అర్థం చేసుకోవడానికి మనుషుల పుస్తకం తీశాను. అందులో రక్తం ఎక్కించడం గురించి ఒక పేజీ ఉంది. చదువుతూ చదువుతూ కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

సంగతి ఇది. పరాయి మనిషి రక్తం ఎక్కిస్తే, దాంతో వచ్చిన తెల్ల కణాలను మన ఒళ్ళు పరాయివని గుర్తుపట్టి చంపేస్తుంది. మంచిదే, మనకు కావలసింది ఎర్ర రక్తమే కదా. దగ్గరి చుట్టం రక్తం అయితే, అందులోనూ తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న ఇంటి మనిషిది అయితే, ఆ మనిషిలో ఒంటి గీతే ఉండవచ్చు. ఆ గీత పిల్లలోనూ ఉంటే, పిల్ల ఒళ్ళు మనవాడే కదా అని తలుపు తీస్తుంది. అయితే పిల్లలో రెండో గీత కూడా ఉండవచ్చు. లోపలికి వచ్చిన చుట్టం ఆ రెండో గీతను చూసి, ఇదెవరి ఒళ్ళు అని కొట్లాటకు దిగుతాడు. అడ్డుకునేవాళ్ళు ఉండరు. ఒంటి మీద దద్దు, జ్వరం, విరేచనాలు. ఆ తర్వాత బతకడం అరుదు. ప్రతి చుట్టంతోనూ ఇలా జరగదు. ఏ చుట్టంతో జరుగుతుందో ముందుగా తెలియదు. మా పెట్టె మీద రాసుకున్న వీధి పేరు చూసి భయం వేసింది.

సెలవు పెట్టి గుంటూరు వచ్చాను. మిరపకాయల కాలం. స్టేషన్లో దిగినప్పటి నుంచి దగ్గే. రక్తనిధిలో ఉండే డాక్టరమ్మ గారు నా మాట పూర్తిగా విని, నువ్వు కొత్తగా కనుక్కున్నదేం కాదమ్మా అన్నారు. మీవాళ్ళకు చుట్టాల రక్తం వద్దని చాలాసార్లు చెప్పాను, మీ పెద్దావిడ నన్ను రక్తం అమ్ముకునేదాన్ని అన్నట్టు చూసి వెళ్ళిపోయింది అన్నారు. చుట్టాల రక్తాన్ని ముందుగా కిరణాల కింద పెట్టి ఆ తెల్ల కణాలను పనిచేయకుండా చేసే యంత్రం ఉందట గానీ, అది మనకు అందుబాటులో లేదు. పరాయి రక్తమే దారి.

ఇంటికి వెళ్ళి అత్తకు చెప్పాను. పరుపు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. నేను చేప గీతల దగ్గర మొదలుపెట్టి లోపలికి వచ్చి కొట్లాడే చుట్టం దాకా వచ్చేసరికి ఆమె దారం పక్కన పడేసింది.

"నా కొడుకు నెత్తురు నా మనవరాలికి విషమంటావా? చేపలు కోసుకునేదానివి, నువ్వొచ్చి నాకు చెబుతావా?"

ఇన్నాళ్ళూ ఏం కాలేదుగా అంది.  ఇన్నాళ్ళూ కాలేదంతే అన్నాను. బావ తల వంచుకున్నాడు. మా అన్న నన్ను బయటికి తీసుకెళ్ళి, చదువుకున్నావని అందరి ముందూ పెద్దదాన్ని అలా అనవచ్చా అని కోప్పడ్డాడు. నాకూ కోపం వచ్చింది. పిల్ల ప్రాణం గురించి మాట్లాడుతుంటే వీళ్ళు మర్యాద గురించి మాట్లాడుతున్నారనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళు మర్యాద గురించి కాదు మాట్లాడింది. తాము పిల్లకు చేయగలిగింది ఆ ఒక్కటే. దాన్ని నేను లాక్కుంటున్నాను.

ఆ వెంటనే వచ్చిన వంతు నాది. అత్త మార్చలేదు. పంతానికే మార్చలేదనుకుంటాను. నువ్వే ఇవ్వు, ఏమవుతుందో చూద్దాం అన్నట్టు. గుంటూరు రక్తనిధి వరండాలో బల్ల మీద అక్క, అక్క ఒళ్ళో పిల్ల. పెదాలు తెల్లగా ఉన్నాయి, ఊపిరి పైపైన తీస్తోంది. అత్త కారియరు పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. బావ టీ తేవడానికి వెళ్ళాడు. నర్సు నా పేరు పిలిచింది.

నేను లేచి వెళ్ళి డాక్టరమ్మ గారితో, నా రక్తం తీసుకోండి, నిధిలో పెట్టుకుని ఎవరికైనా ఇవ్వండి, మా పిల్లకు మాత్రం వేరేవాళ్ళది ఎక్కించండి అన్నాను. ఆమె అత్త వైపు చూశారు. అత్త వరండా దద్దరిల్లేలా తిట్టింది. అక్క కూతురికి రక్తమివ్వని ముండ మా వంశంలో ఇదే మొదలంది. బల్లల మీద ఉన్నవాళ్ళందరూ మా వైపు తిరిగారు.  పిల్ల నా చెయ్యి పట్టుకుని, నాకు ఇవ్వవా పిన్నీ అంది. నా బతుకులో అంత కష్టమైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

అత్త ముందు అక్క నోరు విప్పి ఎరగను. పెళ్ళికి ముందూ లేదు, తర్వాతా లేదు. ఆ రోజు పిల్లను భుజాన వేసుకుని లేచింది.

"పరాయివాళ్ళదే ఎక్కించండి డాక్టరు గారూ. కన్నదాన్ని నేను చెబుతున్నా."

అంతే. అత్త కారియరు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. టీ గ్లాసులతో ఎదురొచ్చిన బావ, వెళ్ళే తల్లినీ నిలబడ్డ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూసి, చివరికి వచ్చి పిల్ల పక్కన కూర్చున్నాడు. సాయంత్రానికి పిల్ల పెదాలకు రంగు వచ్చింది. ఎవరిదో మాకు తెలియదు. సంచి మీద ఒక నంబరు ఉంది.

నేను గెలిచానని ఎప్పుడూ అనుకోలేదు. వంతులు ఆగిపోయాయి. పిల్లకు ఎక్కని రక్తం ఇచ్చి ఏం లాభమని మావాళ్ళు గుంటూరు రావడం తగ్గించారు. గోడ తగాదా వాళ్ళు మళ్ళీ మాటలు మానేశారు. అక్కా బావా రక్తం కోసం ఎవరెవరినో బతిమాలుకున్నారు. ఎండాకాలంలో నిధిలో రక్తం దొరక్క రోజంతా వరండాలో కూర్చున్న సందర్భాలున్నాయి. అత్త నాతో మాట్లాడేది కాదు. నేను ఇంటికి వస్తే తను లేచి కొట్లోకి వెళ్ళేది. విశాఖలో నా గీతలు నేను చూసుకుంటూ, వాటి మీద రాసిన పరిశోధన పత్రంలో ఆ అఖాతం అసలు పేరే రాశాను. మా వీధి పేరు పెట్టె మీదే ఉండిపోయింది.

మళ్ళీ వంతులు మొదలుపెట్టింది కూడా అత్తే. ఎవరూ అడగలేదు. ఒకసారి అక్కకు తోడుగా గుంటూరు వెళ్ళినప్పుడు, వరండాలో తన పక్కన ఎవరో తల్లి, బిడ్డకు రక్తం దొరకక ఏడుస్తుంటే చూసిందట. ఇంటికి వచ్చి మగవాళ్ళందరినీ పిలిచి, రేపటి నుంచి వంతులు మామూలే, మనది ఎవరికి పోతే వాళ్ళకి పోనీ, మన పిల్లకి ఎవరిది వస్తే వాళ్ళది రానీ అందట. కాలేయం వేపుడు కూడా మామూలే. కాకపోతే మావాళ్ళతో పాటు ఆ పూట రక్తమిచ్చి వచ్చినవాళ్ళు ఎవరు ఎదురుగా కూర్చున్నా, కులమూ ఊరూ అడగకుండా వాళ్ళ చేతిలో ఇంత పెట్టేది. మిరప యార్డులో బస్తాలు మోసేవాళ్ళు, కాలేజీ పిల్లలు, చర్చి నుంచి గుంపుగా వచ్చినవాళ్ళు, అందరూ తిన్నారు. మొహమాటపడిన వాళ్ళను కసిరేది. నాతో మాత్రం అప్పటికీ ముక్తసరిగానే ఉండేది. దాన్నీ నేను అర్థం చేసుకోగలను.

పిల్ల పెరిగింది. లంగా ఓణీ వేసుకునేదాకా వచ్చింది. బడికి వెళ్ళింది, తెలివిగలది. ఎక్కించిన రక్తంలోని ఇనుము మాత్రం ఒంట్లోంచి పోదు. కొద్దికొద్దిగా గుండెలో పేరుకుంటుంది. దాన్ని తీసే మందు రోజూ పొట్టలో సూది గుచ్చి గంటల తరబడి ఎక్కించాలి. అక్క చేయగలిగినంత చేసింది. రెండు వేల తర్వాతి దశాబ్దం ముగిసేలోపే, పిల్ల గుండె ఆగిపోయింది. చుట్టాల రక్తమే ఎక్కించి ఉంటే అన్నేళ్ళు ఉండేదో కాదో నాకు తెలియదు. ఉండేది కాదేమోనన్న అనుమానం ఒక్కటే నాకు మిగిలిన ఊరట. దాన్ని అక్కతో ఎప్పుడూ అనలేదు.

మాలో చావు కబురు చెప్పడం అత్త పని. ఎవరికి చెప్పారు, ఎవరు దారిలో ఉన్నారు, ఎవరి కోసం ఆగాలి అన్నీ ఆమె చూసేది. ఆ రోజు కూడా వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఒక్కొక్కరినీ అడిగింది. వేటపాలెం వాడు వచ్చాడా, మార్టూరు వాళ్ళు వచ్చారా అని. వచ్చారని చెప్పారు. జనాజా మంచం చుట్టూ మగవాళ్ళు చేరారు. మా అన్న వచ్చి, అత్తా, మనవాళ్ళందరూ వచ్చేశారు, ఇక ఎత్తమంటావా అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంకా ఎవరు రావాలి అన్నాడు వాడు, మెల్లగా. అత్త ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి తనంతట తానుగా నా వైపు తిరిగింది.

"దాని ఒంట్లో నెత్తురు ఎంతమందిదే? వాళ్ళకి కబురెవరు చెబుతారు?"

 ఆమె పక్కకు వెళ్ళి పట్టుకుని కూర్చున్నాను. నన్ను నెట్టేయలేదు. చాలాసేపు వీధి మలుపు వైపే చూసింది. ఎండ వాకిట్లోకి వచ్చింది, మగవాళ్ళు నిలబడే ఉన్నారు. చివరికి ఆమే కొంగుతో మొహం తుడుచుకుని, ఇక ఎత్తండి నాయనా అంది.